ఇసుర్రాయవ్వ బిడ్డ

ఆమె చనిపోయిందన్న కబురు మా మోత్కూరుకు అంగడినాడు వచ్చింది. భువనగిరి నుంచి ఉల్లిగడ్డల బస్తాలు తెచ్చిన బండి మనిషి వాటిని దింపుతూ, వాన సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"మీ సినిమామె పోయిందట గదా, మద్రాసుల. ఊకెనే పడ్డదట, మళ్ల లేవలేదట."

నేను చంకలో పిల్లనేసుకుని ఉల్లిగడ్డలు ఏరుకుంటున్నాను. "ఏ సినిమామె?" అన్నాను. తెలిసే అడిగాను. ఇంకెవరి పేరైనా చెబుతాడేమోనని ఆశ.

"గదే, ఇసుర్రాయవ్వ బిడ్డ."

ఆమెకు మద్రాసులో పెట్టిన పేరు వేరే ఉంది. గోడల మీద అంటించే కాగితాల్లో బారెడేసి అక్షరాలతో ఉంటుంది. మా వాడలో ఆ పేరు ఎవరూ పలకరు. పలికితే పరాయి మనిషి అయిపోతుందని భయమేమో. అందుకే నేనూ రాయను. ఇసుర్రాయవ్వ అంటే ఆమె చిన్నమ్మ. తల్లి పోతే పసిగుడ్డుగా తెచ్చుకుని పెంచింది. ఇంటింటికీ పోయి తిరగలిలో జొన్నలు విసిరిపెట్టి బతికేది కాబట్టి అవ్వకు ఆ పేరు. అవ్వ విసురుతుంటే ఎదురుగా కూర్చుని రాయి పిడికి రెండో చెయ్యి వేసింది ఆ పిల్లే. రాతితో పాటు పాటలు తిప్పింది. ఆ గొంతు ఎవరి చెవినో పడి, హైదరాబాదు దాకా పోయి, అక్కడి నుంచి మద్రాసు పోయింది. ఇంతకుమించి ఆమె చరిత్ర నాకు తెలియదు, చెప్పను కూడా. నాకు తెలిసింది మా వాడకు వచ్చే అక్క.

ఏటా ఎండాకాలం గూడు కట్టిన కచ్చురం బండిలో వచ్చేది. ఊరి మొదట్లోనే బండి ఆపించి దిగి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని నడిచేది. వెనక ఖాళీ బండి, ముందు చెప్పులు మోస్తూ ఆమె. మేం పిల్లలం ఎదురురికేవాళ్లం.

"బండి ఉండంగ ఎందుకు నడుస్తవక్కా? కాళ్లు కాలుతలేవా?"

"బండ్ల కెల్లి సూస్తె మీరంత సినిమాల బొమ్మల్లెక్క కనబడ్తరే. దిగితెనే మనుషులైతరు."

మా అందరికీ ఒకటే పని, ఆమెను ఏడిపించుకోవడం. "అక్కా, ఏడువవా" అని చుట్టూ మూగేవాళ్లం. ఆమె రొట్టె నములుతూనే, "ఏ కన్నుకెల్లి గావాలె?" అని అడిగేది. ఒకరు కుడి అంటే ఒకరు ఎడమ అనేవారు. కాసేపు గోడకేసి చూసేది. అడిగిన కంటి నుంచి, ఆ ఒక్క కంటి నుంచే, బొట్టు జారి బుగ్గ దాకా వచ్చేది. మేం చప్పట్లు కొట్టే లోపలే నవ్వేసేది. చెంప మీద నీళ్లు, నోటి నిండా రొట్టె, నవ్వు.

"ఇది కూలి పనే. నా కన్నీళ్లు మద్రాసుకు కూలికి పోతయి."

"మరి నీకు నిజంగ ఏడుపొస్తె?"

"అప్పుడు రెండు కండ్లూ కారుతయి. అది ఇంటి పని. దానికి కూలి రాదు."

మద్రాసుకు పోయిన కొత్తలో ఆమె మాట విని అందరూ నవ్వారట. నోరు తెరిస్తే నవ్వు. 'గిట్ల' అంటే నవ్వు, 'గట్ల' అంటే నవ్వు. మాటలు నేర్పే పంతులుగారు, ఈ పిల్ల రాణి వేషానికి పనికిరాదు, చెలికత్తె వేషమిచ్చి మూల నిలబెట్టండి, నోరు మాత్రం తెరవనివ్వకండి అన్నారట. ఇది చెప్పేటప్పుడు ఆమె మొహంలో కోపం ఉండేది కాదు. పంతం ఉండేది.

"నేనేం జేసిన్నంటవ్? ఆల్లిచ్చిన మాటలు తీస్కపోయి రూముల కూసున్న. ఇసుర్రాయి లేదు. ఉత్త చెయ్యే తిప్పిన. ఒక్క తిప్పుకు ఒక్క మాట. రాకపోతె ఇంకో తిప్పు."

ఇంకో తిప్పు. ఇది ఆమె నోట ఎప్పుడూ ఉండే మాట. బావిలో బొక్కెన జారిపోతే, ఇంకో తిప్పు. నా జుట్టు చిక్కుపడి దువ్వెన దిగకపోతే, ఇంకో తిప్పు. మద్రాసులో ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ తీయించి అందరూ విసిగిపోతే, ఆమె మాత్రం లేచి నిలబడి, ఇంకో తిప్పు తిప్పుదాం పాండ్రి అనేదట.

ఆమె సినిమా చూసినవాళ్లు గమనించండి. పెద్ద పెద్ద మాటలు చెప్పేటప్పుడు కుడిచెయ్యి నడుము దగ్గర మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటుంది. పత్రికలవాళ్లు దాన్ని మెచ్చుకుని, గొప్ప అభినయమని రాశారట. డేరా సినిమాలో కూర్చున్న మా ఊరి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యి చూడగానే ఒకరినొకరు పొడుచుకుని, "ఆగో, జొన్నలు ఇసురుతాంది" అనుకునేవాళ్లం.

ఇంత పంతం పట్టి నేర్చుకున్న మనిషి ఒక్కచోట దొరికిపోయింది. ఆ సినిమాలో ఆమె రాణి. రాజు యుద్ధానికి పోతుంటాడు. ఆమె నగలన్నీ గలగలలాడుతూ పరుగెత్తి, చెయ్యి చాచి, "ప్రభూ, జర నిలువుము!" అంటుంది. 'నిలువుము' అన్నది పంతులుగారిది. కాస్త అనడానికి వాడే 'జర' మాత్రం మా మోత్కూరుది. ఉరుకులో జారిపోయింది.

"మరి పంతులు పట్టుకోలేదా అక్కా?" అని అడిగాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టకముందే నవ్వుతో వంగిపోయింది. "పట్టుకోలే! మెచ్చుకున్నడు! జర అంటె సంస్క్రుతంల ముసలితనమటనే. 'ఓ ముసలితనమా, ఆడనే ఆగు, నా మొగడు తిరిగొచ్చేదాంక నా దగ్గరికి రాకు' అని రాణి అంటాందనుకున్నడు. ఎంత లోతైన మాట, నేను రాయకున్నా అమ్మాయే అన్నది అని అందరికి జెప్పుకున్నడు. నేను గమ్మున తల ఊపిన."

మా దగ్గర డేరాలో ఆ మాట వచ్చేసరికి ఈలలతో గుడ్డలు చిరిగిపోయేవి. ఆ ఒక్క మాట కోసమే మళ్లీ మళ్లీ పోయేవాళ్లు. ఊరంతా చూసింది. చూడనిది ఒక్క ఇసుర్రాయవ్వే.

"ఏందీ? నా ముంగట గూసోని రొట్టె తినేదాన్ని టికెట్టు గొని సూడాల్నా?" అనేది అవ్వ. "అది నా బిడ్డనా, జాతరల కోతా?"

"కోతినే చిన్నమ్మా, పట్టుచీర గట్టిన కోతిని" అని అక్క నవ్వేది.

నవ్వేది కానీ, కిందటి ఎండాకాలం వచ్చినప్పుడు నాతో ఒక మాట అన్నది. అప్పటికి నాకు పెళ్లయింది. నన్ను అదే వాడలో ఇచ్చారు. నేను నిండు నెలలతో ఉన్నాను. మా ఇంటి వెనక అరుగు మీద ఇసుర్రాయి ముందు నేను ఒక్కదాన్నే ఆయాసపడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుని పిడి పట్టుకున్నది. మనిషి కొంచెం చిక్కింది. చెయ్యి మాత్రం పాత చెయ్యే. కాసేపు విసిరాక ఉన్నట్టుండి అన్నది.

"లోకమంత సూసింది నన్ను. సూడవల్సినామె సూడలే."

"టికెట్టు పంతం గదా అవ్వది" అన్నాను.

"టికెట్టు సంగతి గాదే. ఆడ అందరు మంచిగ జేసినవంటరు. నాకు నమ్మ బుద్ధి గాదు. గామె సూసి మంచిగున్నదంటె నమ్ముత. తిట్టినా నమ్ముత. ఎన్నడన్న నువ్వు తీస్కపోరాదె."

"తీస్కపోత అక్కా."

"గట్టిగనే అంటున్నవా?"

"గట్టిగనే."

అంతే. జొన్నలు అయిపోయాయి. పిండి ఎత్తుకుని లోపలికి పోయాం. మళ్లీ ఆమెను నేను చూడలేదు.

కబురు తెలిసి నేను అవ్వ గుడిసెకు ఉరికేసరికి వాడ ఆడవాళ్లంతా గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల అవ్వ విసురుతున్నది. రాయిలో గింజ లేదు. రాయి మీద రాయి తిరిగితే ఎట్లా ఉంటుందో వినని వాళ్లకు చెప్పలేను. ఉత్త రాయి తిప్పకూడదంటారు, ఇంటికి అరిష్టమని. ఆ రోజు ఎవరికీ వద్దనే ధైర్యం రాలేదు. ఆ తరవాత అవ్వ నోట ఎప్పుడూ ఒకటే మాట.

"కడసూపు దొర్కలే. కబురొచ్చేటాలకే బూడిదైపాయె. కడసూపన్న దొర్కలే నాకు."

మద్రాసు దూరం అవ్వా, ఏం జేస్తం, అని అందరూ ఓదార్చేవారు. నేనూ అట్లాగే అన్నాను.

జొన్నకోతలు అయ్యాక డేరా సినిమా వచ్చింది. అదే సినిమా, రాణి సినిమా. ఎప్పుడూ డేరా లేస్తుంటేనే పిల్లలు పండగ చేసుకునేవాళ్లు. ఈసారి డేరా ఎక్కడో పొలిమేర అవతల దిగినట్టు అందరూ దూరదూరంగా ఉన్నారు. మాకు తెలిసిన మనిషి సినిమాలో ఉండి చనిపోవడం మా ఊళ్లో ఇదే మొదలు. దానికి ఏం చెయ్యాలో పెద్దలకు కూడా తెలియదు. చచ్చినామె నడుస్తది, నవ్వుతది, పాడుతది. అది బొమ్మా, దయ్యమా? చూసినవాళ్ల వెంట వస్తుందని ఒకరన్నారు. అంతే, మొదటిరోజు ఆట పడలేదు.

మరునాడు పొద్దున నేను డేరా దగ్గరికి పోయి మేనేజరును అడిగాను. బెజవాడ మనిషి, పాపం, దిగాలుగా పెట్టె మీద కూర్చున్నాడు.

"పోయినావిడ బొమ్మని ఎవరూ రావట్లేదమ్మా. ఇవాళ్టి దాకా చూస్తాం. రాకపోతే సామాను సర్దుకుని సూర్యాపేట పోతాం. ఈ రీళ్లు కూడా అరిగిపోయినయ్. అక్కడి నుంచి తిప్పి పంపించేస్తాం. ఇక ఇటు రావు."

ఇక రావు అన్నాడు. ఇంటికి వచ్చి మా అత్తమ్మతో చెప్పాను, ఇవాళ నేను సినిమాకు పోవాలని.

"సంటిపిల్ల తల్లివి! సచ్చినామెను సూడవోతవా? గాలి సోకితె ఎవల్ని అడగాలె?"

"నిరుడు గదే సినిమాకు పోయి నువ్వే గదా అత్తమ్మా, ముక్కు చీదుకుంట వచ్చినవ్?"

"నిరుడు బతికుండె!"

"ఇప్పుడు సచ్చిపోయినా గదే బొమ్మ గదా?"

"నోర్ముయ్. పోతె మళ్ల ఈ గడప తొక్కకు" అని పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని లోపలికి పోయింది. మా అత్తమ్మ చెడ్డది కాదు. భయపడితే గట్టిగా అరుస్తుంది, అంతే. కానీ ఆ మాట మాత్రం ఉత్తగా అన్నది కాదు. గుంజ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇంకో తిప్పు, అనుకుని అవ్వ గుడిసెకు నడిచాను.

"అవ్వా, పోదాం పా."

"యాడికి?"

"కడసూపుకు."

అవ్వ తలెత్తి చూసింది. నేను చెప్పాను, డేరాలో అక్క ఉన్నదని, ఇవాళ ఒక్కరోజే ఉంటదని.

"కడసూపంటె పీనుగను సూసుడు పిల్లా. నడిసేదాన్ని సూసుడు గాదు."

"పీనుగను సూసేకంటె నడుస్తాంటె సూసుడు మంచిది గాదా?"

తెగించి ఇసుర్రాయి దగ్గర అక్క అన్న మాట చెప్పాను. సూడవల్సినామె సూడలే, అన్న మాట. అవ్వ చీర కొంగు దులిపి లేచింది.

"టికెట్టు మాత్రం కొనను."

ఇక్కడ మా వాడ సంగతి ఒకటి చెప్పాలి. కడచూపుకు పోయే ఆడదాన్ని ఒంటరిగా పోనివ్వరు. పగవాళ్లయినా సరే, మాటలు లేకపోయినా సరే, ఆమె ఎదురుగా దాటుతుంటే చేతిలో పని కింద పెట్టి వెనక నడవాల్సిందే. పోకపోతే రేపు మన ఇంట్లో చావుకు ఎవరూ రారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. దీపాలు పెట్టేవేళ అవ్వ చెయ్యి పట్టుకుని వాడ నడుమ నడుస్తూ నేను గొంతెత్తాను.

"అవ్వ కడసూపుకు పోతాంది!"

ఒక తలుపు తెరుచుకున్నది. "యాడ? ఎవలు పోయిండ్రు?"

"తన బిడ్డనే. డేరాల ఉన్నది."

"అది సినిమా గదనే!"

"నీకు సినిమా. అవ్వకు కడసూపు. వస్తె రా, లేకుంటె లేదు. అవ్వ ఒక్కతే పోతాందని నేను అందరికి జెప్త."

ఆమె నన్ను కోపంగా చూసింది. అవ్వను చూసింది. అవ్వ ఎవరినీ చూడకుండా నడుస్తున్నది. ఆమె చేతిలో చాట గడప మీద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని వచ్చి మా వెనక కలిసింది. ఇంకో తలుపు. ఇంకో తలుపు. తిట్టుకుంటూ కొందరు, కండ్లు ఒత్తుకుంటూ కొందరు. నేను మా ఇంటి వైపు చూడలేదు. మా తలుపు తెరుచుకున్న చప్పుడు కాలేదు.

డేరా గేటు దగ్గర టికెట్లు చింపేవాడు అలవాటుగా చెయ్యి చాచాడు. అవ్వ ఆగి, ఆ చెయ్యి చూసి, వాడి మొహం చూసింది.

"అది నా బిడ్డ" అన్నది.

మేనేజరు పెట్టె మీంచి లేచి వచ్చాడు. ఆమె వెనక ఇంతమంది ఆడవాళ్లను, వాళ్ల తలల మీది కొంగులను చూశాడు. టికెట్లవాడి చెయ్యి తానే దించాడు. "రండమ్మా" అని పక్కకు జరిగి తల వంచుకుని నిలబడ్డాడు. మమ్మల్ని ఎవరినీ ఏమీ అడగలేదు.

మమ్మల్ని చూసి వెనకే వచ్చిన మగవాళ్లు అటు పక్క, మేం ఆడవాళ్ల పక్క, నేల మీద కూర్చున్నాం. దీపం ఆరింది. అక్క తెర మీదికి వచ్చేసరికి నా పక్కనున్నామె భయంతో నా జబ్బ గట్టిగా పట్టుకున్నది. రాణి వేషం, చేతులనిండా నగలు. అవ్వ ముందుకు వంగి, చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకుని చూసింది, ఎండలో చూసినట్టు.

"సన్నబడ్డది" అన్నది. "తిండి వెట్టలేదు ముండకొడుకులు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అందరి భయం పోయింది. నా జబ్బ మీది చెయ్యి వదులైంది. డేరాలో ఒకటే మిషను, రీలు అయిపోయినప్పుడల్లా దీపం వెలిగించి ఇంకొకటి ఎక్కిస్తారు. వెలిగినప్పుడల్లా అందరం అవ్వ మొహం చూసేవాళ్లం. ఆమె కండ్లు తెర మీదే ఉండేవి, తెర ఖాళీగా ఉన్నా.

రాజు యుద్ధానికి పోయే దృశ్యం వచ్చింది. అక్క నగలు గలగలలాడుతూ పరుగెత్తింది. "ప్రభూ, జర నిలువుము!" ఎవరూ ఈల వెయ్యలేదు. మగవాళ్ల పక్క కూడా చప్పుడు లేదు. పంతులుగారు చెప్పిన అర్థం అప్పుడు గుర్తొచ్చింది నాకు. ముసలితనం ఆమె మాట విన్నది. ఆగమన్నచోటే ఆగింది, ఆమె దాకా రానేలేదు.

"మనిషి నిలవకపోతె నువ్వేం జేస్తవ్ బిడ్డా" అన్నది అవ్వ తెరకేసి, పక్కింట్లో ఉన్న మనిషితో అన్నట్టు. కాసేపాగి నావైపు తిరగకుండానే, "మంచిగ జేస్తాంది. తప్పు వడ్తలేదు. మంచిగనే జేస్తాంది" అన్నది. అక్క వినాల్సిన మాట అది. నేను విన్నాను, ఆమె బదులు.

ఆట అయిపోయింది. తెర తెల్లబడింది. ఎవరూ లేవలేదు. ఎప్పుడు లేవాలో ఎవరికీ తెలియలేదు. అవ్వ నేల మీద చెయ్యి ఆన్చి లేచి, మేనేజరు వైపు తిరిగి, చావు ఇంట్లో పాడె లేపేముందు దగ్గరి మనిషి అనాల్సిన మాట అన్నది.

"సూసుకున్న బిడ్డా. ఇగ లేపుండ్రి."

ఆ బెజవాడ మనిషికి అర్థమైందో లేదో నాకు తెలియదు. చేతులు జోడించాడు. మగవాళ్లు తలపాగాలు తీసి నిలబడ్డారు. రీళ్ల పెట్టె నలుగురు కలిసి ఎత్తి బండి మీద పెట్టేదాకా మేం అక్కడే ఉన్నాం. బండి సూర్యాపేట దారి పట్టింది. అప్పుడు ఏడ్చింది అవ్వ, నోరు విప్పి. ఆడవాళ్లందరం చుట్టూ కూర్చుని ఏడ్చాం. ఇన్నాళ్లూ గొంతులో ఆగిపోయిన ఏడుపు అది, ఆగమంటే ఆగుతుందా.

తిరిగి వాడకు వచ్చాం. చావుకు పోయివచ్చిన కాళ్లతో ఇంట్లోకి పోరు గదా, స్నానం చెయ్యాలి. ఎవరి వాకిట్లో వాళ్లు తొట్టి దగ్గర నిలబడి నీళ్లు పోసుకుంటున్నారు. అవ్వ గుడిసె ముందు కుండలో నీళ్లు అడుగంటాయి. మా ఇంటికి పోదామంటే గడప తొక్కొద్దన్న మాట ఉంది. నేను అవ్వను పట్టుకుని మా వాకిటి బయట నిలబడిపోయాను. తలుపు తట్టాలా వద్దా అని చూస్తుంటే తలుపే తెరుచుకున్నది.

మా అత్తమ్మ. భుజం మీద నిద్రపోతున్న నా పిల్ల. వెనక పొయ్యి మీద పెద్ద గంగాళం, పొగలు కక్కుతూ.

"గట్లనే నిలవడ్డరేంది? సలికి సద్దామనా?" అని అరిచింది. "నీళ్లు కాగి ఎంతసేపాయె. ముందు అవ్వకు పొయ్యి, పిల్లా. తల మీద కెల్లి పొయ్యి."